పిల్లలకు మాయా చదరాలు నేర్పడం: అమ్మానాన్నలు, టీచర్లు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మా మేడమీద ఆదివారం పొద్దున పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా వస్తారు. అన్నిటికంటే ఎక్కువగా వాళ్ళు అడిగి మరీ ఆడేది మాయా చదరాలే. దింపడానికి, తీసుకుపోవడానికి వచ్చిన పెద్దవాళ్ళు మెట్ల దగ్గర నిలబడి అడిగే సందేహాలు దాదాపు ప్రతి ఏడూ అవే కాబట్టి ఇలా ఒకచోట రాసి పెడుతున్నాను. మీ పిల్లలు ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికి వెళ్ళి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

మాయా చదరం అంటే ఏమిటి? సుడోకు లాంటిదేనా?

గళ్ళ చదరంలో సంఖ్యలు పేర్చాలి. ఏ అడ్డు వరుస కూడినా, ఏ నిలువు వరుస కూడినా, ఐమూలగా ఉండే రెండు కర్ణాలు కూడినా ఒకే మొత్తం రావాలి. ఒక సంఖ్య ఒక్కసారే వాడాలి. మూడు వరుసల చదరంలో (దాన్నే మూడు గళ్ళ చదరం అంటాను) 1 నుంచి 9 వరకు పెడితే ప్రతి వైపూ 15 వస్తుంది.

చూడ్డానికి సుడోకులా ఉంటుంది కానీ సుడోకులో కూడికే లేదు. అంకెల బదులు తొమ్మిది రంగులు పెట్టినా సుడోకు ఆడొచ్చు. మాయా చదరంలో సంఖ్య విలువే ఆట. 7 పెట్టాల్సిన చోట 8 పెడితే రెండు వరుసల లెక్క చెడిపోతుంది, ఆ సంగతి పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది.

మా పాప మూడో తరగతి. ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

మూడు చిన్న సంఖ్యలు నోటితో కూడి, 15 అయిందో లేదో చెప్పగలిగితే చాలు. 8, 3 కలిపి 11 అని, ఇంకో 4 కావాలని వేళ్ళు లెక్కపెట్టైనా చెప్పగలిగిన పాపకు ఈ ఆట అందుతుంది. కూడికలో ఇంకా తడబడే పిల్లలైతే మొదట చదరం వద్దు. 1 నుంచి 9 వరకు కాగితాలు పరిచి "మూడు తీసి 15 చెయ్యి" అనండి. అదే ఒక వారం ఆడనివ్వండి.

దీనికి ఏమైనా కొనాలా?

ఏమీ కొనొద్దు. నోటు పుస్తకంలో పెన్సిలుతో మాత్రం మొదలుపెట్టించొద్దు. నాలుగో తరగతి పాప ఒకతె మొదటిరోజు మధ్య గడిని అయిదారుసార్లు రబ్బరుతో చెరిపింది. కాగితం చిరిగి చిన్న చిల్లు పడింది. అంతే, పుస్తకం మూసేసి "నాకు రాదు టీచర్" అంది. ఆ పాపకు రాకపోవడం కాదు, కాగితం ఓర్చుకోలేకపోయింది.

ఆ మరుసటి వారం నుంచి క్యాలెండరు ముక్కలు వాడుతున్నాం. మన ఊళ్ళో పాత క్యాలెండరును ఎవరూ ఊరికే చింపరు, దానిమీద స్వామి బొమ్మ ఉంటుంది. బొమ్మను జాగ్రత్తగా వేరుచేసి దాచి, కింది తేదీల భాగాన్ని మాత్రం గడి గడిగా కత్తిరిస్తే 1 నుంచి 31 దాకా ముక్కలు చేతికొస్తాయి. నేలమీద సుద్దముక్కతో తొమ్మిది గళ్ళు గీసి వాటిని జరుపుకుంటూ ఆడతారు. తప్పు పెడితే ముక్క పక్కకు జరుగుతుంది, అంతే. చిన్నపిల్లలకు చింతగింజలు ఇంకా మేలు. ఒక్కో గడిలో అన్ని గింజలు పోస్తే ఏ వరుసలో ఎక్కువుందో కంటికే కనిపిస్తుంది.

ఇది పూజలో పెట్టే యంత్రం కదా, పిల్లలు ఆడుకోవచ్చా అని మా అత్తమ్మ అడుగుతోంది.

ఆమె గుర్తుపట్టింది సరైనదే. నవగ్రహ యంత్రాల్లో ఉండేవి మూడు గళ్ళ మాయా చదరాలే. సూర్య యంత్రంలో 1 నుంచి 9 వరకు ఉండి ప్రతి వైపూ 15 వస్తుంది. దాంట్లో ప్రతి గడికీ ఒకటి చొప్పున కలిపితే చంద్రుడి యంత్రం, మొత్తం 18. అలా ఒక్కొక్క గ్రహానికి మూడు చొప్పున పెరుగుతూ రాహువుకు 36, కేతువుకు 39 అవుతుంది. శ్రీకాళహస్తికి రాహుకేతు పూజకు వెళ్ళే కుటుంబాల పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళ కళ్ళు మెరవడం నేను చూశాను.

పూజలో పెట్టిన రాగిరేకు పూజలోనే ఉండనివ్వండి, దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు. కాగితం మీద సంఖ్యలు పేర్చడం గణితం. 1356లో నారాయణ పండితుడు తన గణిత కౌముదిలో దీనికోసం భద్రగణితం అని ఒక అధ్యాయమే రాశాడు. వీలైతే అత్తమ్మనే పిలిచి పిల్లల పక్కన కూర్చోబెట్టండి. యంత్రంలో వరుస తనకు గుర్తుంటే ఆమే చెబుతుంది, పిల్లలు కూడి చూస్తారు.

మార్కులకు పనికొస్తుందా?

రీజనింగ్ పేపర్లలో గళ్ళలో తప్పిన సంఖ్య అడిగే లెక్కలు ఉంటాయి, వాటికి చెయ్యి తిరుగుతుంది. నోటిలెక్క వేగం పెరుగుతుంది. కానీ మార్కుల కోసమే మొదలుపెడితే పిల్లలకు అది ఇంకో హోంవర్కులా తోస్తుంది. ఆ టెన్షన్ దీనికి తగిలించకండి.

## మూడు గళ్ళ చదరం నింపే దశ

మొత్తం 15 అని ముందే ఎలా తెలుస్తుంది?

1 నుంచి 9 వరకు అన్నీ కూడితే 45. అవన్నీ మూడు అడ్డు వరుసల్లో సర్దుకోవాలి, మూడు వరుసలకూ సమానంగా రావాలి. 45ను మూడు భాగాలు చేస్తే 15. "45 రూపాయలు ముగ్గురికి సమానంగా పంచు" అంటే మూడో తరగతి పిల్లలు కూడా ఇట్టే చెబుతారు.

నాలుగు గళ్ళ చదరానికైతే 1 నుంచి 16 మొత్తం 136, నాలుగో వంతు 34. ఐదు గళ్ళకు 325లో ఐదో వంతు 65. పెద్ద పిల్లలు సూత్రం అడిగితే: వరుసల సంఖ్యను దాని వర్గానికి ఒకటి కలిపిన దానితో గుణించి సగం చెయ్యాలి. ఆరు గళ్ళకు 37ను 6తో గుణిస్తే 222, సగం 111.

మధ్యలో 5 వస్తుందని చెప్పేస్తే త్వరగా అయిపోతుంది కదా?

అవుతుంది. అయిపోవడమే ఇబ్బంది. నేను మొదటి ఏడాది అలాగే చెప్పేశాను. పిల్లలు పది నిమిషాల్లో చదరం నింపారు, చప్పట్లు కొట్టారు. వచ్చే వారం 2 నుంచి 10 వరకు ఇచ్చి నింపమంటే దాదాపు అందరూ మధ్యలో 5 పెట్టారు. వాళ్ళకు నేను ఇచ్చింది జవాబు మాత్రమే.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. మూడు వేరు వేరు సంఖ్యలతో 15 చేసే దారులన్నీ పిల్లల చేతే రాయిస్తాను. ఎనిమిది వస్తాయి: 1+5+9, 1+6+8, 2+4+9, 2+5+8, 2+6+7, 3+4+8, 3+5+7, 4+5+6. తర్వాత ఏ సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమంటాను. 5 నాలుగుసార్లు. 2, 4, 6, 8 మూడేసి సార్లు. 1, 3, 7, 9 రెండేసి సార్లు.

ఆ తర్వాత ఒక్కటే అడుగుతాను: "ఏ గడి మీదుగా నాలుగు వరుసలు పోతాయి?" అడిగి ఊరుకోవాలి. మొన్నామధ్య ఐదో తరగతి అబ్బాయి ఒకడు అంతకుముందు అరగంట నుంచి "యాడ పెట్టినా ఒకటి చెడిపోతాంది టీచర్" అంటూ ముక్కలు జరుపుతున్నాడు. ఈ ప్రశ్న విన్నాక మధ్య గడిమీద వేలు పెట్టి పక్కకు గీశాడు, పైనుంచి కిందికి గీశాడు, ఐమూలగా అటొకటి ఇటొకటి గీశాడు. తల ఎత్తలేదు. మూలలో ఉన్న 5 ముక్కను రెండు వేళ్ళతో తీసి నెమ్మదిగా మధ్యలో పెట్టాడు. ఆ అరనిమిషం వాడి సొంతం. మనం ముందే చెప్పేస్తే దాన్ని లాక్కున్నట్టే అవుతుంది.

మూలల్లో సరిసంఖ్యలే ఎందుకు వస్తాయి?

మూలలో ఉన్న గడి మూడు వరుసల్లో భాగం: ఒక అడ్డు, ఒక నిలువు, ఒక కర్ణం. అంచు మధ్యలో ఉన్న గడికి రెండే వరుసలు. 1 నుంచి 9 లోపల 15 చేసే దారుల్లో 2, 4, 6, 8 మూడేసి సార్లు వస్తాయి, 1, 3, 7, 9 రెండుసార్లే వస్తాయి. కాబట్టి సరిసంఖ్యలు మూలలకు, మిగిలిన బేసిసంఖ్యలు అంచుల మధ్యకు పోతాయి. 1ని మూలలో పెట్టి ఎంతసేపు తంటాలు పడినా కుదరదు. మూడో దారి 1కి లేదు.

మావాడి జవాబు పుస్తకంలో ఉన్నట్టు లేదు. తప్పా?

వరుసలు, కర్ణాలు అన్నీ 15 అయితే ముమ్మాటికీ సరైనదే. ఉదాహరణకు ఇది చూడండి:

8 | 1 | 6
3 | 5 | 7
4 | 9 | 2

ఈ కాగితాన్ని పావు వంతు తిప్పితే ఇంకో జవాబు. అద్దంలో చూస్తే మరొకటి. అలా మొత్తం ఎనిమిది రూపాలు వస్తాయి. లోపల ఉన్నది మాత్రం ఒకటే చదరం. 1 నుంచి 9 వరకు వాడి వీటికి భిన్నమైన మూడు గళ్ళ చదరం ఎవరూ కట్టలేరు. సూర్య యంత్రంలో పై వరుస 6, 1, 8 అని ఉంటుంది. అది ఈ చదరాన్ని అద్దంలో చూసినట్టే.

పుస్తకంతో పోల్చి తప్పు కొట్టే పెద్దవాళ్ళ వల్ల పిల్లల మనసు చాలా నొచ్చుకుంటుంది. దిద్దే ముందు దయచేసి ఒకసారి కూడి చూడండి.

అడ్డం, నిలువు అన్నీ 15 వచ్చాయి. కర్ణాలే కుదరట్లేదు. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలా?

అక్కర్లేదు. చెరిపించకండి, వాడు దాదాపు గట్టెక్కాడు. ఇలాంటిది వచ్చిందనుకోండి:

1 | 5 | 9
6 | 7 | 2
8 | 3 | 4

అడ్డం 15, నిలువు 15. ఒక కర్ణం 12, ఇంకోటి 24. ఒక అడ్డు వరుసను మొత్తంగా ఎత్తి ఇంకో అడ్డు వరుసతో మార్చితే అడ్డం నిలువు మొత్తాలు చెడవు, కర్ణాలే మారతాయి. ఇక్కడ 5ను మధ్యకు తేవాలంటే మొదటి రెండు వరుసలూ తారుమారు చేస్తే చాలు:

6 | 7 | 2
1 | 5 | 9
8 | 3 | 4

రెండు కర్ణాలూ 15 అయ్యాయి. 5 పక్క నిలువు వరుసలో ఉంటే నిలువు వరుసలను కూడా అలాగే మార్చుకోవచ్చు.

కొన్ని గళ్ళు నింపి ఇచ్చారు, మొత్తం ఎంతో చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మధ్య గడి చూడండి. మూడు గళ్ళ మాయా చదరం ఏదైనా సరే, మొత్తం మధ్య సంఖ్యకు మూడు రెట్లు. మధ్యలో 11 ఉంటే మొత్తం 33. ఒక మూలలో 14 ఉంటే దాని ఎదురు మూల 8 కావాల్సిందే.

మధ్య గడి ఖాళీగా ఉండి ఎదురెదురు గళ్ళు రెండు తెలిస్తే వాటి మొత్తంలో సగం మధ్యకు వస్తుంది. ఇంకో కిటుకు ఉంది, పెద్ద పిల్లలకు చాలా ఇష్టం: మూల గడిలోని సంఖ్య, దాన్ని తాకని రెండు అంచు గళ్ళ మొత్తంలో సగం. 8, 1, 6 పై వరుసగా ఉన్న చదరంలో 8కి దూరంగా ఉన్న అంచులు 7, 9. వాటి మొత్తం 16, సగం 8. మిగతా మూడు మూలలూ పిల్లలనే సరిచూడమనండి.

రెండు గళ్ళ చదరం ఎందుకు నేర్పరు?

అది లేదు కాబట్టి. నాలుగు గళ్ళలో పై వరుస మొత్తం, ఎడమ నిలువు మొత్తం సమానం కావాలంటే పక్క గడిలోనూ కింది గడిలోనూ ఒకే సంఖ్య ఉండాలి. అలా చూస్తూపోతే నాలుగూ ఒకటే అవుతాయి. "ఇది కుదరదు" అని పిల్లలు తమంతట తాము చెప్పి కారణం చూపిన రోజు, జవాబు కనుక్కున్న రోజుకంటే గొప్పదని నా నమ్మకం.

## సొంతంగా కట్టే దశ

1 నుంచి 9 వరకు అయిపోయింది. తర్వాత ఏం ఇవ్వాలి?

గోడమీద క్యాలెండరు ఇవ్వండి. ఏ నెలలోనైనా మూడు వరుసలు, మూడు నిలువులుగా తొమ్మిది తేదీలు పెన్సిలుతో చుట్టమనండి. 4, 5, 6. వాటి కింద 11, 12, 13. వాటి కింద 18, 19, 20 అనుకుందాం. వీటిని చిన్న నుంచి పెద్దకు వరుసలో పెట్టి, 1 స్థానంలో 4, 2 స్థానంలో 5, 3 స్థానంలో 6, 4 స్థానంలో 11 ఇలా తెలిసిన చదరంలో మార్చుకుంటూ పోతే:

19 | 4 | 13
6 | 12 | 18
11 | 20 | 5

ప్రతి వైపూ 36. ఏ నెల తీసుకున్నా, ఏ మూల నుంచి తీసుకున్నా తొమ్మిది తేదీలు మాయా చదరం అవుతాయి. మా పిల్లలు దీన్ని నమ్మలేదు. ఒక్కొక్కరు ఒక్కో నెల పంచుకుని పన్నెండు నెలలూ కట్టి చూశారు.

అవ్వకు 72 ఏళ్ళు నిండుతున్నాయి. ప్రతి వైపూ 72 వచ్చే చదరం మా పాప కట్టగలదా?

కట్టగలదు. 72 మూడుతో నిశ్శేషంగా పోతుంది, కాబట్టి మూడు గళ్ళతోనే అవుతుంది. మూడో వంతు 24, అది మధ్యలో. ఇప్పుడు పాపను తనకిష్టమైన రెండు చిన్న సంఖ్యలు ఎంచుకోమనండి, 5, 2 అనుకుందాం. ఒక మూలలో 24కు 5 తక్కువ, ఎదురు మూలలో 5 ఎక్కువ: 19, 29. మిగిలిన రెండు మూలల్లో 2 తక్కువ, 2 ఎక్కువ: 22, 26. అంచులు 72కి సరిపోయేలా నింపితే చదరం పూర్తి:

19 | 31 | 22
27 | 24 | 21
26 | 17 | 29

రెండు జాగ్రత్తలు చాలు. ఎంచుకున్న రెండు సంఖ్యలు సమానం కాకూడదు, ఒకటి ఇంకోదానికి రెట్టింపు కాకూడదు. అలా అయితే చదరంలో ఒకే సంఖ్య రెండుసార్లు వస్తుంది. ఆ రెండూ కలిపితే మధ్య సంఖ్యకంటే తక్కువ ఉండాలి, లేకపోతే సున్నా గానీ మైనస్ సంఖ్య గానీ వస్తుంది.

ఈ కానుక ఒక ఇంట్లో గాజు ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. అవ్వ చదువుకోలేదు కానీ నోటిలెక్కలో దిట్ట. ఎనిమిది వైపులా వేలు పెట్టి కూడుకుని "అంతా నా వయసేనే!" అందట.

మైనస్ సంఖ్యలతో, భిన్నాలతో చెయ్యొచ్చా?

తప్పకుండా. ఆరు, ఏడు తరగతుల్లో పూర్ణసంఖ్యలు మొదలయ్యాక మధ్యలో 0 పెట్టి −4 నుంచి 4 వరకు నింపమనండి. ప్రతి వైపూ 0 రావాలి. మైనస్ గుర్తు అంటే భయపడే పిల్లలకు నాకు తెలిసినంతలో దీన్ని మించిన అభ్యాసం లేదు. భిన్నాలకైతే మామూలు చదరంలో ప్రతి సంఖ్యనూ సగం చేస్తే చాలు.

ఐదు గళ్ళ చదరం తేలిగ్గా కట్టే పద్ధతి ఏదో ఉందట?

ఉంది. బేసి వరుసలున్న ఏ చదరానికైనా పనిచేస్తుంది. పై వరుస మధ్యలో 1 పెట్టాలి. తర్వాతి సంఖ్యను ప్రతిసారీ ఒక గడి పైకి, ఒక గడి కుడికి, అంటే ఐమూలగా పెట్టుకుంటూ పోవాలి. పైనుంచి బయటికి పోతే అదే నిలువు వరుసలో అడుగు గడికి రావాలి. కుడినుంచి బయటికి పోతే అదే అడ్డు వరుసలో ఎడమ చివరికి రావాలి. పోవాల్సిన గడి నిండిపోయి ఉంటే, లేదా కుడి పై మూలకు చేరుకుంటే, ఇప్పుడున్న గడికి కిందనే పెట్టాలి.

17 | 24 | 1 | 8 | 15
23 | 5 | 7 | 14 | 16
4 | 6 | 13 | 20 | 22
10 | 12 | 19 | 21 | 3
11 | 18 | 25 | 2 | 9

ప్రతి వైపూ 65. బయటికి పోయి మళ్ళీ లోపలికి రావడం దగ్గర పిల్లలు తికమకపడతారు. గళ్ళ కాగితాన్ని గొట్టంలా చుట్టి పై అంచు, కింది అంచు కలిసేలా పట్టుకుని చూపండి. మాటలతో ఎంత చెప్పినా అర్థం కానిది అప్పుడు ఒక్క క్షణంలో అర్థమవుతుంది. ధనుర్మాసంలో మేం వాకిట్లో ముగ్గుపిండితో పెద్ద గళ్ళు గీసి, పలకలమీద సంఖ్యలు రాసి పట్టుకున్న పిల్లలనే గళ్ళలో నిలబెట్టాం. పైనుంచి బయటికి పోయినవాడు చుట్టూ పరిగెత్తి అడుగు గడిలోకి వచ్చాడు.

మావాడు వీడియో చూసి ఆ పద్ధతి ముందే నేర్చేసుకున్నాడు. ఇక నేర్పేదేముంది?

చాలా ఉంది. "పై వరుస మధ్యలో కాకుండా వేరే గడిలో మొదలుపెడితే ఏం చెడుతుంది?" అని అడగండి. మొదలుపెట్టి చూస్తే అడ్డం, నిలువు సరిగానే వస్తాయి, కర్ణాల దగ్గర తేడా కొడుతుంది. "1 బదులు 10తో మొదలుపెడితే మొత్తం ఎంత?" ప్రతి గడికీ 9 పెరుగుతుంది కాబట్టి ఐదు గళ్ళ చదరంలో 65కు 45 కలిపి 110. "రెండేసి చొప్పున 2, 4, 6 అని పోతే?" ఇలాంటి ప్రశ్నలకు వీడియోలో జవాబు దొరకదు, కాగితం మీద దొరుకుతుంది.

## నాలుగు గళ్ళు, ఆపై

నాలుగు గళ్ళది కట్టడానికి చిన్న దారి ఉందా?

1 నుంచి 16 వరకు నాలుగు వరుసల్లో మామూలుగా రాసుకోండి. రెండు కర్ణాలమీద ఉన్న ఎనిమిది సంఖ్యలను మాత్రం కొట్టేసి, ఒక్కోదాన్ని 17లోంచి తీసేయగా వచ్చింది రాయండి. 1 ఉన్న చోట 16, 6 ఉన్న చోట 11, అలా. మిగతావి కదపొద్దు.

16 | 2 | 3 | 13
5 | 11 | 10 | 8
9 | 7 | 6 | 12
4 | 14 | 15 | 1

ప్రతి వైపూ 34. నాలుగో తరగతి పిల్లలు కూడా ఐదు నిమిషాల్లో చేసేస్తారు.

తాతకు 70. అది మూడుతో పోదు. ఎలా?

నాలుగు గళ్ళతో 34కు మించిన ఏ మొత్తమైనా తేవచ్చు. మధ్యప్రదేశ్‌లో ఖజురహో పార్శ్వనాథ ఆలయంలో చెక్కిన ఈ చదరం తీసుకుందాం:

7 | 12 | 1 | 14
2 | 13 | 8 | 11
16 | 3 | 10 | 5
9 | 6 | 15 | 4

దీంట్లో 13, 14, 15, 16 ఎక్కడున్నాయో చూడండి. ప్రతి అడ్డు వరుసలో ఒకటి, ప్రతి నిలువులో ఒకటి, ప్రతి కర్ణంలో ఒకటి. కాబట్టి ఆ నాలుగింటికి మాత్రం ఎంత కలిపితే మొత్తం అంత పెరుగుతుంది. 70 కావాలంటే 36 కలపాలి:

7 | 12 | 1 | 50
2 | 49 | 8 | 11
52 | 3 | 10 | 5
9 | 6 | 51 | 4

ఖజురహో చదరంలో ఇంకా చాలా దాగి ఉంది. పక్కపక్కన రెండు, వాటి కిందే రెండు, అలా ఏ నాలుగు గళ్ళ గుంపు కూడినా 34. నాలుగు మూలలు కూడినా 34. "ఇంకెక్కడెక్కడ 34 దొరుకుతుందో వెతకండి" అని పిల్లలను వదిలేస్తే గంటసేపు తల ఎత్తరు.

పుట్టినతేదీతో చదరం కడతారు కదా, అది ఎలా?

పై వరుసలో తేదీ, నెల, సంవత్సరం మొదటి రెండంకెలు, చివరి రెండంకెలు రాయాలి. శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు 22-12-1887. మనం గణిత దినోత్సవం జరుపుకునేది ఆ డిసెంబరు 22నే. ఆయన నోటు పుస్తకాల్లో మొదటి అధ్యాయం మాయా చదరాలమీదే కావడం వల్ల మా పిల్లలకు ఈ తేదీతోనే చూపిస్తాను.

22 | 12 | 18 | 87
88 | 17 | 9 | 25
10 | 24 | 89 | 16
19 | 86 | 23 | 11

ప్రతి వైపూ 139. రెండో వరుసలో ఎడమ నుంచి: నాలుగోదానికి 1 కలపాలి, మూడోదాంట్లో 1 తీసేయాలి, రెండోదాంట్లో 3 తీసేయాలి, మొదటిదానికి 3 కలపాలి. మూడో వరుసలో: రెండోదాంట్లో 2 తీసేయాలి, మొదటిదానికి 2, నాలుగోదానికి 2 కలపాలి, మూడోదాంట్లో 2 తీసేయాలి. నాలుగో వరుసలో: మూడోదానికి 1 కలపాలి, నాలుగోదాంట్లో 1 తీసేయాలి, మొదటిదానికి 1 కలపాలి, రెండోదాంట్లో 1 తీసేయాలి. మొదటిది, రెండోది అన్నవన్నీ పై వరుసలోవే.

జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టిన పిల్లలకు ఎక్కడో ఒకచోట సున్నా గానీ మైనస్ గానీ వస్తుంది. కొన్ని తేదీలకు ఒకే సంఖ్య రెండుసార్లు పడుతుంది. మొత్తాలు మాత్రం తప్పవు. ముందే చెప్పండి, లేకపోతే తన తేదీలోనే ఏదో లోపముందని పిల్లలు చిన్నబుచ్చుకుంటారు.

ఇవి చైనాలో పుట్టాయా, మన దగ్గరా?

మూడు గళ్ళ చదరం చైనాలో లో షు పేరుతో చాలా పాతకాలం నుంచి ఉంది. మన దగ్గర ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధ ద్రవ్యాలు కలిపే లెక్కకు నాలుగు గళ్ళ చదరం ఇచ్చాడు. పదహారు ద్రవ్యాలు, ఏ వరుస తీసుకున్నా 18 పాళ్ళు. అందులో 1 నుంచి 8 వరకు రెండేసి సార్లు వస్తాయి.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. బేసి చదరాలు ఐమూలగా పైకెక్కుతూ కట్టే పద్ధతిని చాలాచోట్ల సయామీస్ పద్ధతి అంటారు. 1687లో సయాంకు, అంటే ఇప్పటి థాయిలాండ్‌కు, రాయబారిగా వెళ్ళిన ఫ్రెంచివాడు సిమోన్ ద లా లూబేర్ దాన్ని యూరప్‌కు చెప్పడమే ఆ పేరుకు కారణం. కానీ తిరుగు ప్రయాణంలో ఓడమీద తోటి ప్రయాణికుడు విన్సెంట్ తనకు ఇది నేర్పాడని, సూరత్‌లోని భారతీయులు ఇలా కడతారని అతను చెప్పాడని లా లూబేరే రాశాడు. సరి చదరాల పద్ధతిని విన్సెంట్ అప్పటికే మరిచిపోయాడట. ఈ కథ చెబితే "సూరత్‌లో ఎవరు నేర్పుంటారు టీచర్?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు.

ఆరు గళ్ళది మా పాపకు ఎంతకీ రావట్లేదు.

అది పెద్దవాళ్ళకూ కష్టమే. రెండుతో పోయి నాలుగుతో పోని చదరాలు, అంటే 6, 10 వరుసలవి, అన్నిటికంటే మొండివి. నారాయణ పండితుడు కూడా చదరాలను మూడు జాతులుగా విడదీసి వీటిని విషమగర్భం అని వేరే పెట్టాడు. ఏడు గళ్ళది, ఎనిమిది గళ్ళది ముందు కట్టించండి, అవి తేలిక. ఆరు గళ్ళది హైస్కూలు దాకా ఆగొచ్చు.

ఇలాంటివి మొత్తం ఎన్ని ఉంటాయి?

తిప్పినవి, అద్దంలోవి వదిలేస్తే మూడు గళ్ళకు ఒక్కటే. నాలుగు గళ్ళకు 880. ఇది ఫ్రెంచి గణితజ్ఞుడు ఫ్రెనికల్ కట్టిన లెక్క, ఆయన పోయాక 1693లో అచ్చయింది. ఐదు గళ్ళకు 27 కోట్ల 53 లక్షల 5 వేల 224, దాన్ని 1973లో కంప్యూటరుతో లెక్కపెట్టారు. మా క్లాసులో గోడకు ఒక చార్టు ఉంది. పిల్లలు సొంతంగా కట్టిన నాలుగు గళ్ళ చదరం కొత్తదైతే దానిమీద అతికిస్తాం. పాతదాన్నే తిప్పి తెచ్చారేమో మిగతా పిల్లలంతా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు. మొన్న ఆదివారానికి 41 అయ్యాయి.